ఫర్మానా మీద నడిచిన సర్కారు

నిజాం హైదరాబాద్ సంస్థానంలో జాగీర్దారీని, అంటే ఊళ్ల శిస్తు వసూలు హక్కు కొందరికి అప్పగించిన పద్ధతిని, రద్దు చేసిన చట్టం పేరు ఒకసారి జాగ్రత్తగా చదవండి. హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్, 1358 ఫసలీ, 69వ నంబరు. జారీ చేసింది భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి. సర్కారీ జరీదాలో (గెజిట్‌లో) అచ్చయింది 1949 ఆగస్టు 15న. చేయి ఢిల్లీది, తేదీ భారత స్వాతంత్య్ర దినానిది, సంవత్సరం లెక్క మాత్రం నిజాం రెవెన్యూ దఫ్తరుది. సంతకం పెట్టే హక్కు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే మళ్లీ నిజాం దగ్గరకే వెళ్తాం. అది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ఫర్మానా, అంటే రాజాజ్ఞ.

ఏటా సెప్టెంబరు 17, అంటే 1948లో నిజాం భారత సైన్యానికి తలొగ్గిన రోజు, వచ్చేసరికి మనకు పేరు మీద పంచాయితీ. కేంద్రానికి అది విమోచన దినం. 2022లో రాష్ట్ర ప్రభుత్వానికి జాతీయ సమైక్యతా దినం, 2024లో ప్రజాపాలన దినోత్సవం. విలీనమా, విమోచనా, విద్రోహమా అన్న వాదన ఏటా కొత్తగా మొదలవుతుంది. ఆ తేదీ మర్నాటి నుంచి సంస్థానాన్ని ఎవరు, ఏ అధికారంతో, ఏ కాగితం చూపించి పాలించారన్నది మాత్రం ఎవరికీ పట్టదు. సెప్టెంబరు 17న మారింది ఫౌజు. సార్వభౌమత్వం చేతులు మారడానికి ఇంకా పదహారు నెలలు పట్టింది. తర్వాతి తెలంగాణ చరిత్రలోని చిక్కుముళ్లు చాలావరకు ఆ పదహారు నెలల్లో పడ్డవే.

వరుస ఇదీ. 1948 సెప్టెంబరు 13న సైన్యం సరిహద్దు దాటింది. 17న ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయారు. కొత్త మంత్రివర్గం తానే వేసుకోవచ్చని నిజాం అనుకున్నారు. ఢిల్లీ ఒప్పుకోలేదు, చౌదరిని సైనిక గవర్నరుగా కూర్చోబెట్టింది. ఆ మర్నాడు, అంటే 19న, సంస్థాన పరిపాలనాధికారమంతా సైనిక గవర్నరుకు అప్పగిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చారు.

ఓడినవాడి ఫర్మానాతో గెలిచినవాడికి పనేంటి? దానికి కారణం ఉంది. హైదరాబాద్ ఫిర్యాదు అప్పటికే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందుంది. జయించి కలుపుకున్నామంటే అక్కడ జవాబు చెప్పుకోవాలి. శాంతిభద్రతల కోసం పోలీసు చర్య తీసుకున్నాం, సంస్థానాధీశుడు తనంతట తానే మాకు అధికారమిచ్చాడు అంటే సమాధానం సులువవుతుంది. 22వ తేదీన నిజాం ఆ ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్టు తెలియజేశారు. మండలి ఎజెండాలోంచి మాత్రం అది అంత తొందరగా పోలేదు. రెండో కారణం ఇంట్లోది. కోర్టులు, తహసీళ్లు, ఠాణాలు, ఖజానా అన్నీ ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. ఆ పేరు ఒక్కసారిగా తీసేస్తే మర్నాడు శిస్తు వసూలు చేసే పట్వారీకి కూడా చట్టబద్ధమైన ఆధారం ఉండదు.

ఇంతకూ ఆ మొదటి ఫర్మానాలో ఒక లొసుగుంది. 'పరిపాలనాధికారం' ఇచ్చింది గానీ చట్టాలు చేసే అధికారం ఇచ్చిందా లేదా తేల్చలేదు. దాదాపు పదకొండు నెలల పాటు ఎవరూ పట్టించుకోలేదు. తీరా జాగీర్ల మీద చెయ్యి వేయబోయే ముందు ఎవరికో అనుమానం వచ్చినట్టుంది. 1949 ఆగస్టు 7న ఇంకో ఫర్మానా వెలువడింది: నేనిచ్చిన అధికారంలో రెగ్యులేషన్లు చేసే అధికారం కూడా ఉంది, మొదటి నుంచీ ఉంది అని. సరిగ్గా మూడు రోజులకు, అంటే 10వ తేదీన, చౌదరి జాగీర్ల రద్దు రెగ్యులేషన్ జారీ చేశారు. దస్తావేజు రాశాక వెనకటి తేదీకి అధికార పత్రం పుట్టించడం మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో తెలియని విద్య కాదు. ఇక్కడ మాత్రం అది సంస్థానం స్థాయిలో జరిగింది.

జాగీర్దార్లు ఊరుకోలేదు. చట్టాలు చేసే అధికారాన్ని నిజాం అలా ఇంకొకరికి ధారాదత్తం చేయగలరా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1960లో తేలింది. నిజాం నిరంకుశ సార్వభౌముడు, తన అధికారాన్ని ఎవరికైనా అప్పగించుకోగలడు, రెగ్యులేషన్ చెల్లుతుంది అంది కోర్టు. దానికి ముందు 1955 నాటి ఇతర కేసుల్లోనూ ఇదే మాట. 1950 జనవరి 26 దాకా శాసనం, న్యాయం, పాలన మూడింటికీ నిజామే మూలం, ఆయన ఫర్మానా అంటే చట్టమే. అంటే జాగీర్ల రద్దు నిలబడింది నిజాం సార్వభౌమత్వాన్ని కాదన్నందువల్ల కాదు, ఔనన్నందువల్ల. అంతేకాదు, 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, కోర్టులు కొట్టేయకుండా కొన్ని చట్టాలకు రక్షణగా తొమ్మిదో షెడ్యూలు పెట్టినప్పుడు అందులో వేసిన 13 చట్టాల్లో రెండు హైదరాబాద్‌వే. ఒకటి ఈ రద్దు రెగ్యులేషన్, రెండోది 1950 జనవరి 25న, రాజ్యాంగం అమల్లోకి వచ్చే ముందు రోజున, తెచ్చిన జాగీర్ల పరిహార రెగ్యులేషన్. సైనిక గవర్నరు చట్టానికి రాజ్యాంగమే కంచె కట్టింది.

ఈ ఏర్పాటుకున్న లాభం వేగం. శాసనసభ లేదు, చర్చ లేదు, ఓట్లు లేవు. ఇతర ప్రాంతాల్లో జమీందారీ రద్దు చట్టాలు సభల్లో, కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగాయి. ఇక్కడ దాదాపు ఆరున్నర వేల గ్రామాల పాలన కొద్ది వారాల్లో దివానీ, అంటే నేరుగా సర్కారు పాలన, కిందికి వచ్చేసింది. సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఎస్టేటు, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రభుత్వంలో కలిసింది. బదులుగా నిజాంకు ఏటా 25 లక్షలు, రాజభరణం 50 లక్షలు, మహళ్ల నిర్వహణకు ఇంకో 25 లక్షలు. మొత్తం కోటి.

మరి ఊళ్లో ఏం మారింది? ఇక్కడే అసలు తేడా కొట్టింది. జాగీరంటే భూమి కాదు, శిస్తు వసూలు చేసుకునే హక్కు. రద్దయింది ఆ హక్కు. జాగీర్దారు రికార్డులన్నీ జాగీర్ అడ్మినిస్ట్రేటరుకు అప్పగించాలి. ఆయనకు, ఆయన హిస్సేదారులకు (వాటాదారులకు), గుజారా (పోషణ భత్యం) పొందే బంధువులకు మొదట మధ్యంతర భత్యం, ఆ తర్వాత వాయిదాల్లో పరిహారం. దివానీ గ్రామాల్లో వేల ఎకరాలు పట్టా చేయించుకున్న దేశ్‌ముఖ్‌ను మాత్రం ఈ రెగ్యులేషన్ తాకలేదు. ఎందుకంటే కాగితం మీద ఆయన రైతు, పట్టాదారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో జనం తిరగబడింది ప్రధానంగా ఆ దేశ్‌ముఖ్‌ల మీద. రజాకార్ల రోజుల్లో గడీలు వదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే ఊళ్లలోకి తిరిగొచ్చారు. పంచుకున్న భూములు చాలాచోట్ల మళ్లీ వాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. పది లక్షల ఎకరాలు పంచామని, నాలుగు వేల మందిని పోగొట్టుకున్నామని కమ్యూనిస్టుల లెక్క. సాయుధ పోరాట విరమణ 1951 అక్టోబరులో గానీ జరగలేదు. జాగీర్దారును దించిన సర్కారే దేశ్‌ముఖ్‌ను మళ్లీ ఎక్కించిందంటే కాస్త కటువుగా ఉంటుంది గానీ, ఫలితం అదే.

ఇంకో చిక్కు రికార్డులది. జాగీరు గ్రామాల్లో చాలావాటికి దివానీ తరహా సర్వే, బందోబస్తు (శిస్తు నిర్ణయం) లేవు. ఎవరి కబ్జాలో ఏ చెల్క ఉందో జాగీర్దారు గుమాస్తాకు, పట్వారీకి తప్ప మూడో వాడికి తెలియదు. దీన్ని సరిచేయడానికి అదే 1358 ఫసలీలో భూమి హక్కుల రికార్డు రెగ్యులేషన్ తెచ్చారు. దాని కిందే 1954-55లో ఊరూరా ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు తయారైంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, దున్నుతున్నవాడి పేరు అన్నీ ఒకే వరుసలో. ఈ రోజుకీ తెలంగాణలో భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది 'యాభై నాలుగు, యాభై ఐదు ఖాస్రా ఉందా?' అనే. అందులో పట్టాదారు గడిలో ఒక పేరు, కబ్జా గడిలో ఇంకో పేరు ఉంటే ఆ కుటుంబాలకు మూడు తరాల పాటు కోర్టు ఖర్చు తప్పదన్నమాటే. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది. తర్వాత చేర్చిన 38-ఈ సెక్షను కింద వాళ్లకు యాజమాన్య సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ ఉన్నా పహాణీలో పేరెక్కని వాళ్లు ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

పైసల విషయమూ అంతే. రాజ్యాంగం వచ్చాక కూడా నిజాం నాణెం హాలీ సిక్కా బజారులో నడుస్తూనే ఉంది. ఆరు కల్దార్ (భారత ప్రభుత్వ) రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. వంద కల్దార్ కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ లెక్కపెట్టాలి. జీతం ఒక నాణెంలో, రైలు టికెట్ ఇంకో నాణెంలో. 1950ల మధ్యకు గానీ ఇది పూర్తిగా సద్దుమణగలేదు. రైల్వే, తపాలా, దక్కన్ రేడియో 1950లోనే కేంద్రానికి వెళ్లిపోయాయి, వాటితో పెద్ద పేచీ రాలేదు. పేచీ వచ్చింది లండన్ డబ్బుతో. 1948 సెప్టెంబరులోనే, సంస్థానం లొంగిపోతున్న రోజుల్లో, నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ దాదాపు పది లక్షల పౌండ్లను లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా ఖాతాకు మార్పించారు. నా అనుమతి లేదు, వెనక్కివ్వండి అని నిజాం కొన్ని రోజులకే అడిగారు. బ్యాంకు ఇవ్వలేదు. ఆ సొమ్ము ఎవరిదన్నది లండన్ కోర్టు 2019 అక్టోబరులో తేల్చేసరికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా, నిజాం వారసులకూ భారత్‌కూ అనుకూలంగా వచ్చింది.

జవాబుదారీ లేని వేగానికి అసలు మూల్యం చెల్లించింది వేరేవాళ్లు. రజాకార్ల దౌర్జన్యాలకు ప్రతీకారం పేరుతో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. ప్రశ్న అడగడానికి సభ లేదు. చౌదరి మంత్రివర్గంలో బొంబాయి నుంచి వచ్చిన ఐసీఎస్ అధికారి డి.ఎస్. బాఖ్లే ఉన్నారు, నిజాం కొలువులోని జైన్ యార్ జంగ్ ఉన్నారు. ఓటుతో వచ్చినవాడు మాత్రం లేడు.

బాఖ్లే వెంట, ఆ తర్వాత 1949 డిసెంబరులో అదే ఫర్మానా పద్ధతిలో పగ్గాలు అందుకున్న ఎం.కె. వెల్లోడి వెంట, బయటి ఉద్యోగులు బారులు తీరారు. పోలీసుల్లో, రెవెన్యూలో, బడుల్లో మద్రాసు, బొంబాయి, సెంట్రల్ ప్రావిన్సుల వాళ్లు. ఉర్దూలో పని నేర్చుకున్న స్థానికుడికి ఇంగ్లిషు రాదన్నారు. ఉస్మానియాలోనూ ఉర్దూ మాధ్యమం పోయింది. ఒకసారి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లలేదు. 1952లో వరంగల్‌లో రాజుకుని హైదరాబాద్‌కు పాకిన 'గైర్ ముల్కీ (స్థానికేతరులు) గో బ్యాక్' ఉద్యమం ఈ నియామకాల మీదే. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ వేశారు. విడ్డూరమేమిటంటే, విద్యార్థులు ఆధారం చేసుకున్న ముల్కీ నిబంధనలు కూడా 1919 నాటి నిజాం ఫర్మానావే, 15 ఏళ్ల నివాసం నియమంతో సహా. అవి రాజ్యాంగం కింద కూడా కొనసాగాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిస్తే ఆంధ్రలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. నిజాం పోయిన ఐదేళ్లకు ఆయన ఫర్మానా ఒక రాష్ట్రాన్ని రెండుగా చీల్చబోయిందన్నమాట.

ఇలాంటి మార్పిడి ఇంకోలా జరిగిన చోటు మన పక్కనే ఉంది. యానాం పాలన 1954 నవంబరు 1న భారత్ చేతికొచ్చింది. ఫ్రాన్స్ చట్టప్రకారం వదులుకున్నది 1962 ఆగస్టు 16న. మధ్యలో ఎనిమిదేళ్లు. అయితే అక్కడ ఒప్పందంలో పౌరసత్వం, ఉద్యోగాలు, పింఛన్లు ఎవరివి ఎలా సాగాలో ముందే రాసుకున్నారు. హైదరాబాద్ విషయంలో అలాంటి కాగితం లేదు. పాత చట్టం ఎంతకాలం చెల్లుతుందో కేసు పడ్డాక కోర్టు చెప్పడమే.

సార్వభౌమత్వాన్ని మార్చిన కాగితం ఏదని గట్టిగా అడిగితే నేను చూపించేది 1949 నవంబరు 23 నాటి ఫర్మానా. భారత రాజ్యాంగమే హైదరాబాద్ రాజ్యాంగమని నిజాం ప్రకటించింది అందులోనే. 1950 జనవరి 26న అది అమల్లోకి వచ్చింది, నిజాం రాజ్‌ప్రముఖ్ (గవర్నరు లాంటి రాష్ట్రాధిపతి) అయ్యారు, వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ జూన్‌లో బూర్గుల రామకృష్ణారావు సహా నలుగురు కాంగ్రెస్ వాళ్లను మంత్రులుగా తీసుకున్నారు. 1952 ఎన్నికల్లో 175 స్థానాల సభలో కాంగ్రెస్‌కు మెజారిటీ వచ్చి మార్చి 6న బూర్గుల ప్రభుత్వం ఏర్పడింది.

నవంబరు ఫర్మానాలో ఇంకో వాక్యం ఉంది. ఈ నిర్ణయాన్ని సంస్థాన ప్రజలు ఆమోదించాలని, త్వరలో ఏర్పడే హైదరాబాద్ రాజ్యాంగ సభ ద్వారా వాళ్లు చెప్పిందే అంతిమమని. ఆ సభ ఎప్పుడూ కొలువు తీరలేదు.