ఖాళీ అర్రేలోనూ మొదటి విలువ ఉందని చెప్పే టైపు

అరగంట క్రితం మా అప్లికేషన్ ఆగిపోయింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. సర్వర్ నుంచి వచ్చే సందేశాలను ఒక్కొక్కటిగా పుష్ చేసి (చివర చేర్చి) నింపే అర్రే, అంటే విలువల వరుస, ఒకటుంది. ఈసారి ఒక్క సందేశమూ రాకపోవడంతో అది ఖాళీగానే మిగిలింది. ఆ తర్వాతి లైను సున్నా ఇండెక్స్‌లోని, అంటే మొదటి స్థానంలోని, సందేశం శీర్షికను చదవబోయింది, అక్కడ అన్‌డిఫైన్డ్ (విలువ లేదనే గుర్తు) తప్ప ఏమీ లేకపోవడంతో ప్రోగ్రాం కూలిపోయింది. ఏ వేరియబుల్‌లో ఏ రకం విలువ ఉంటుందో టైపుల ద్వారా ముందే చెప్పించే భాష టైప్‌స్క్రిప్ట్; కోడ్ నడవకముందే తప్పులు పట్టాల్సిన దాని కంపైలర్ మాత్రం ఎక్కడా ఒక్క ఎర్ర గీత కూడా గీయలేదు.

నన్ను ఎక్కువ బాధిస్తున్నది ఇది కాదు. అర్రే ఖాళీగా ఉందేమో చూసే షరతును నేను మొదటే రాశాను. రివ్యూలో ఒక సహోద్యోగి ఆ వేరియబుల్ మీద మౌస్ పెట్టి, ‘టైపులో అన్‌డిఫైన్డ్ లేదు కదండీ, ఈ ఇఫ్ దేనికి?’ అని అడిగి దాన్ని తీయించారు. ఆయనను తప్పుపట్టలేను. టైపు చెప్పిన మాటను నమ్మడానికే కదా మనమందరం ఈ భాషకు వచ్చింది!

అదే అర్రే మీద, చివరి విలువను తీసిచ్చే పాప్‌ను పిలిస్తే, విలువ లేకపోవచ్చునని టైపులోనే చెబుతుంది. షరతుకు సరిపోయే విలువను వెతికే ఫైండ్ కూడా అంతే, ఒక స్థానంలోని విలువను ఇచ్చే ఎట్ కూడా అంతే. ఇండెక్స్‌తో విలువను చదవడానికి రోజుకు వందసార్లు వాడే చదరపు బ్రాకెట్ల దగ్గర మాత్రం, ఉన్నా లేకున్నా విలువ ఉందనే అంటుంది. దీన్ని సరిదిద్దే ‘నో అన్‌చెక్డ్ ఇండెక్స్‌డ్ యాక్సెస్’ అనే ఆప్షన్ 2020లో 4.1 వెర్షన్‌తోనే వచ్చింది, కానీ కఠినమైన తనిఖీలను ఒకేసారి ఆన్ చేసే స్ట్రిక్ట్ ఆప్షన్‌ను ఆన్ చేసినా అది ఆన్ కాదు. పొడవు చూసుకుంటూ తిరిగే లూపులో కూడా అది అడ్డు తగులుతుందని కొందరు అంటారు. నిజమే, కానీ ఇండెక్స్ లేకుండా విలువలనే ఒక్కొక్కటిగా ఇచ్చే ఫర్-ఆఫ్ లూపుతో తిరిగితే ఆ ఇబ్బంది ఉండదు.

దీనికంటే పాత గాయం ఇంకొకటి ఉంది. స్ట్రింగులు (అక్షరాల విలువలు) మాత్రమే ఉండాల్సిన అర్రేను, స్ట్రింగులూ నంబర్లూ ఉండగల అర్రేను తీసుకునే ఫంక్షన్‌కు పంపితే కంపైలర్ ఒప్పుకుంటుంది. ఆ ఫంక్షన్ లోపల ఒక నంబరును పుష్ చేసినా ఒప్పుకుంటుంది. బయటికి వచ్చాక మన అర్రేలో నంబరు చేరి ఉంటుంది, టైపు మాత్రం ఇంకా అన్నీ స్ట్రింగులేనని చెబుతూనే ఉంటుంది. అలా చేరిన ఒక నంబరు మీద, స్ట్రింగులకు మాత్రమే పనిచేసే టు-అప్పర్-కేస్‌ను పిలిచి, తప్పు ఎక్కడుందో తెలియక రెండు రోజులు వెతికాను. ఆ పారామీటరును, అంటే ఫంక్షన్ తీసుకునే అర్రేను, రీడ్‌ఓన్లీగా (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేనిదిగా) రాసి ఉంటే, పుష్ దగ్గరే కంపైలర్ ఆపేది. మార్చే అవసరం లేని ప్రతి అర్రే పారామీటరునూ అలాగే రాయాలని అప్పటి నుంచి ప్రతి రివ్యూలోనూ పట్టుబడుతున్నాను, ఇకపైనా పడతాను.

కంపైలర్ అన్ని తప్పులనూ పట్టాలని నేను కోరడం లేదు. సంపూర్ణమైన, నిరూపించదగిన టైపు వ్యవస్థ తమ లక్ష్యం కాదని దీని రూపకర్తలు ముందే రాసి పెట్టారు. కానీ పెరుగుతూ తరుగుతూ ఉండే అర్రేలో ఒక స్థానం ఖాళీగా ఉండటం అరుదైన విషయమేమీ కాదు.

ఇప్పుడే ఆ ఆప్షన్‌ను ఆన్ చేశాను. 43 చోట్ల ఎర్ర గీతలు వచ్చాయి, రివ్యూలో తీయించిన ఆ షరతు ఉండాల్సిన లైను వాటిలో ఒకటి.