డీవీఆర్ గంటకు నిమిషాలెన్ని?

డీవీఆర్, అంటే టీవీ కార్యక్రమాలను రికార్డు చేసే పెట్టె, కొనదలచినవారు ముందుగా పోలిక పట్టికల దర్శనం చేసుకోవాలి. ఎడమవైపు గుణగణాలు, పైన పెట్టెల పేర్లు, మధ్యలో టిక్కు గుర్తుల పంట. అన్నిటికన్నా లావుపాటి అక్షరాల్లో వెలిగేది మాత్రం ఎన్ని గంటల రికార్డింగ్ పడుతుందన్న అంకె. ఒకదానికి 150, పక్కదానికి 300, ఆ పక్కదానికి ఏకంగా 1000. వెయ్యి గంటలంటే తిండీ నిద్రా మానేసి 41 రోజుల పైచిలుకు. అంత టీవీ చూడవలసిన దుస్థితి పగవాడికి కూడా రాకూడదు గానీ, అంకె మాత్రం కంటికి ఇంపుగా ఉంటుంది.

పట్టికలు రాసేవారి వినయాన్ని మెచ్చుకోవాలి. గంటకు కొత్త కొలత కనిపెట్టి కూడా ఎక్కడా చెప్పుకోరు. 1999లో వచ్చిన టైవో కంపెనీ తొలి పెట్టెల్లో ఒకదాన్ని 30 గంటల పెట్టె అన్నారు. బొమ్మ అన్నిటికన్నా నాసిగా ఉండే స్థాయిలో పెడితే అక్షరాలా 30 గంటలే. ముఖాలు ముఖాల్లా కనబడే స్థాయికి మారిస్తే సుమారు తొమ్మిది. మిగతావి ఏమయ్యాయని అడగడం మర్యాద కాదు. అమెరికాలో యాంటెన్నాకు అందే హెచ్‌డీ ప్రసారం సెకనుకు 19 మెగాబిట్ల దాకా ఉంటుంది. అంటే గంటకు ఎనిమిదిన్నర గిగాబైట్లు, ఒక టెరాబైటు డిస్కులో నూట ఇరవై గంటలకు లోపే. అదే డిస్కు మీద 'గరిష్ఠంగా' అన్న ఒక్క మాట చల్లితే చాలు, వందల గంటలు వాటంతట అవే మొలకెత్తుతాయి.

తర్వాతి వరుస ట్యూనర్లు, అంటే చానల్‌ను పట్టి ఇచ్చే భాగాలు. రెండు ట్యూనర్లుంటే ఒకేసారి రెండు చానళ్లు రికార్డు చేసుకోవచ్చు. ఇంట్లో మనుషులు ఇద్దరే అయితే ఇది చక్కని ఏర్పాటు. ముగ్గురున్న ఇంట్లో తొమ్మిదింటికి నిమిషం ముందు తెర మీద తాఖీదు వెలుస్తుంది: ఒకేసారి రెండు రికార్డింగులే కుదురుతాయి, మిగతావి ఆపండి. బామ్మ సీరియల్ ఆపకూడదు, అందులో కోడలికి ఈరోజే స్పృహ రావాలి. తాతయ్య చర్చాకార్యక్రమం ఆపకూడదు, అందులో ఎవరికీ ఏనాడూ స్పృహ రాదు, అది వేరే విషయం. మనవడి ఫుట్‌బాల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సభ తీరుతుంది. వాదాలు, ప్రతివాదాలు, ఒక వాకౌటు. ఇంతలో గడువు ముగిసి పెట్టె తన తీర్పు తానే ఇస్తుంది. ప్రాధాన్యాల జాబితా తయారుచేసినవాడు పెట్టె బిగించిన రోజు భోజనం చేసి వెళ్లిపోయిన అల్లుడు. అతని జాబితా ప్రకారం అగ్రస్థానం ఒక కార్టూను కార్యక్రమానిది. కార్యక్రమాల వేళలు చెప్పే గైడులో ఎపిసోడు వివరాలు లేవు గనుక ప్రతి పునఃప్రసారాన్నీ కొత్తదే అనుకుని, పెట్టె ఆ పాత ఎపిసోడునే మళ్లీ భక్తిగా రికార్డు చేస్తుంది. బలైపోయినవి సీరియలూ, చర్చా. కోడలు ఏమైందో ఆ ఇంట్లో నేటికీ తెలియదు. నెగ్గిన మనవడు మర్నాడు మ్యాచ్ పెట్టుకుంటాడు. ఆట అదనపు సమయంలోకి పోయింది, పెనాల్టీ కిక్కుల దాకా వచ్చింది. చివరి ఆటగాడు బంతి వైపు పరుగెత్తుతుండగా రికార్డింగు ఆగిపోతుంది. ఆట ఆ వేళకు ముగియాలని గైడులో రాసి ఉంది. ముగియకపోవడం ఆట తప్పు.

ఇప్పుడు పెట్టె కూడా వద్దట, రికార్డింగులన్నీ క్లౌడ్‌లో, అంటే కంపెనీవారి కంప్యూటర్లలో, దాస్తారట. గంటల గడిలో అంకె పోయి 'అపరిమితం' అని పడింది. యూట్యూబ్ టీవీ అనే అమెరికా చందా సేవలో ఆ అపరిమితానికి ఆయుర్దాయం తొమ్మిది నెలలు. నవమాసాలు నిండగానే అనంతం అంతరిస్తుంది.

ఇంతటి పట్టికలో ఒక్క వరుస మాత్రం ఎప్పుడూ ఉండదు: రికార్డు చేసుకున్నది ఎవరిది? ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీం కోర్టు 1984లోనే, బీటామ్యాక్స్ అనే వీడియో రికార్డరు కేసులో, 5-4 తేడాతో తేల్చింది. అయినా 2001లో రీప్లేటీవీ 4000 అనే పెట్టె ప్రకటనలను తనంతట తానే దాటవేసి చూపిస్తే స్టూడియోలు, చానళ్లు కలిసి కోర్టుకెక్కాయి. మరుసటి ఏడు ఒక మేజిస్ట్రేటు ఏమని ఆదేశించారో తెలుసా? జనం ఏం చూస్తున్నారో, ఏ ప్రకటన దాటేస్తున్నారో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ రాసి, ఆ సమాచారం తెచ్చి దావా వేసినవారి చేతిలో పెట్టమని! జిల్లా జడ్జి కొద్ది వారాల్లో దాన్ని కొట్టివేశారు గనుక సరిపోయింది. 2003లో ఆ పెట్టె తయారుచేసిన కంపెనీ దివాలా తీసింది. కొత్త యజమాని తెచ్చిన తర్వాతి నమూనాలో ఆ సదుపాయమే లేదు. నా ఇంట్లో, నా కరెంటుతో, నేను కూర్చుని చూసేదానికి వీళ్ల అనుమతి ఏమిటి? చాలా కేబుల్, డిష్ పెట్టెల్లో రికార్డింగు ఆ పెట్టెకే తాళం వేసి ఉంటుంది. డిస్కు తీసి కంప్యూటర్‌కు తగిలిస్తే చెత్త తప్ప ఏమీ కనబడదు. పెట్టె చచ్చిపోతే దాంతో పాటే సహగమనం. చందా మానేస్తే పెట్టె వెనక్కి, ఏళ్లుగా దాచుకున్నదంతా దానితో పాటే వెనక్కి. దీన్ని రికార్డింగు అనడానికి నోరెలా వస్తుంది? ఇది అద్దె, అందులోనూ యజమాని ఎప్పుడైనా వచ్చి సామాను బయటపడేసే అద్దె. పట్టిక రాసినవారికి ఇది తెలుసు. తెలిసే రిమోట్ రంగుకు ఒక వరుస, పెట్టె మందానికి ఒక వరుస ఇచ్చారు.

తాళం లేనివి లేవని కాదు. 2002 నుంచి మిథ్‌టీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత కంప్యూటర్, ఒక ట్యూనర్ కార్డు, యాంటెన్నా ఉంటే ప్రసారాన్ని మామూలు ఫైలుగా దాస్తుంది. ఎక్కడికైనా కాపీ చేసుకోవచ్చు, ప్రకటనలు కోసేయవచ్చు, ఎవరూ వచ్చి పట్టుకుపోరు. అమర్చుకోవడం కష్టమని పట్టికలో దానికి ఎర్ర గుర్తు. నిజమే, కష్టమే. పోతే ఒక ఆదివారం పోతుంది.