సెమినరీకి ఒకరిని పంపి, ఇంటిని మరిచిపోతున్న సంఘాలు

మా నాన్న ముప్పై ఆరేళ్ల వయసులో, పాస్టర్లకు శిక్షణనిచ్చే సెమినరీలో చేరి, హీబ్రూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. అప్పుడు నేను ఆరో తరగతి. సికింద్రాబాద్‌లో ఒకే గది, ఒకే లైటు. ఆయన కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ ఉంటే పక్కనే కూర్చుని నేను లెక్కలు చేసుకునేదాన్ని. గది మూల అమ్మ కుట్టుమిషన్. రాత్రి పదింటికి ఇంటి ఓనరు తలుపు తట్టి మిషన్ చప్పుడు ఆపమనేవాడు. అప్పుడు అమ్మ చీర ఫాల్స్ చేత్తో కుట్టుకునేది.

అంతకుముందు తెనాలి దగ్గర ఓ ఊళ్లో నాన్న పదేళ్లు ఉపదేశకుడిగా, అంటే పాస్టర్ కింద ఊరి చర్చిని నడిపే మనిషిగా, పనిచేశారు. జీతం నామమాత్రం. కోత పండక్కి వచ్చే ధాన్యం, ఆడవాళ్లు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ దేవుడి పేరున పక్కనపెట్టే పిడికెడు బియ్యం, చర్చి పక్కన రెండు గదుల ఇల్లు, వీటితోనే మా సంసారం నడిచింది. గురుపట్టం, అంటే పాస్టర్‌గా అభిషేకం, కావాలంటే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివి రావాలన్నారు. చర్చి సంఘం పెద్దలు ప్రార్థన చేసి, దండ వేసి, నాన్నను గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కించారు. ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేయమని మాకు కబురొచ్చింది. కొత్త ఉపదేశకుడికి ఇల్లు కావాలి కదా. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. నాన్న ఫీజు గురించి, హాస్టల్ గురించి, రైలు ఛార్జీల గురించి కూడా మాట్లాడుకున్నారు. అమ్మ, నేను, తమ్ముడు ఎక్కడ ఉంటామన్న మాట మాత్రం ఆ మీటింగ్‌లో ఎవరి నోటా రాలేదు.

ఇది జరిగి ముప్పై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ సెమినరీకి వెళ్తున్న కుటుంబాలతో మాట్లాడితే దాదాపు ఇదే కథ వింటున్నాను. సంఘం ఒక మనిషి ఖర్చు లెక్క కడుతుంది, కదిలేది ఇల్లంతా. బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేట్ ఇచ్చే బీడీ కోర్సు డిగ్రీ ఉన్నవాళ్లకు నాలుగేళ్లు, ఇంటర్‌తో చేరేవాళ్లకు ఐదేళ్లు. తెలుగువాళ్లు దీనికోసం హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకి, బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీకి, చెన్నైలోని గురుకుల్‌కు, ఇంకా దూరమైతే పూణెకు, జబల్‌పూర్‌కు వెళ్తుంటారు. ఇరవై రెండేళ్ల పెళ్లికాని కుర్రాడు హాస్టల్‌లో ట్రంకుపెట్టె దించితే సరిపోతుంది. ముప్పై దాటి, ఇద్దరు పిల్లలున్న ఉపదేశకుడికి అలా కుదరదు. ఫ్యామిలీ క్వార్టర్స్ ఉన్న సెమినరీల్లో కూడా అవి అందరికీ సరిపోవు. దొరకనివాళ్లు బయట గది అద్దెకు తీసుకోవాలి, లేదా భార్యాపిల్లల్ని పుట్టింట్లో వదిలి వెళ్లాలి.

పుట్టింట్లో వదలడం తేలికైన దారిలా కనిపిస్తుంది. మొదటి ఏడాది అలాగే గడుస్తుంది కూడా. రెండో ఏడాది నుంచి వదినలు, చుట్టుపక్కలవాళ్లు "మీ ఆయన చదువు ఇంకా అవలేదా?" అని అడగడం మొదలవుతుంది. భార్యకు ఉద్యోగం ఉంటే చిక్కు మరోలా ఉంటుంది. మన సంఘాల్లో నర్సులు, టీచర్లు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ టీచర్ల బదిలీల్లో భార్యాభర్తలు దగ్గరగా ఉండేందుకు ఇచ్చే స్పౌజ్ పాయింట్లు రావాలంటే భర్త కూడా ప్రభుత్వ లేదా ప్రభుత్వ రంగ ఉద్యోగి అయి ఉండాలి. సెమినరీ విద్యార్థి ఆ లెక్కలోకి రాడు. ఉద్యోగం వదులుకుని వెంట వెళ్తే ఇంటికి వచ్చే ఒక్క ఆదాయమూ పోతుంది, వదలకపోతే నాలుగేళ్లు దూరంగా ఉండాలి. సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ ఫీజుకు, మెస్‌కు సరిపోతుంది. అది బియ్యం, పాలు, పిల్లల స్కూలు ఫీజు చూసి వేసిన లెక్క కాదు.

పిల్లల విషయంలో, చాలామంది తండ్రులకు చదువు ముగిసేదాకా తెలియని సంగతి ఒకటుంది. అదే లోకల్ స్టేటస్, అంటే ఉద్యోగాల్లో మనల్ని ఎక్కడి స్థానికులుగా లెక్కిస్తారన్నది. నా సంగతే చెబుతాను. నాలుగు, ఐదు తరగతులు గుంటూరు జిల్లాలో చదివాను. ఆరు నుంచి తొమ్మిది దాకా నాన్న బీడీ కాలమంతా సికింద్రాబాద్. పదో తరగతికి మళ్లీ గుంటూరు జిల్లాకు వచ్చేశాం. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, పదో తరగతితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఒకేచోట చదవనివాళ్లకు, పది దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అప్పట్లో అక్కడే లోకల్. నా ఏడింటిలో నాలుగు హైదరాబాద్‌లోనే. డీఎస్సీ దరఖాస్తు నింపేటప్పుడు స్టడీ సర్టిఫికెట్లు ముందు పరుచుకుని లెక్క చూస్తే, పుట్టి పెరిగిన గుంటూరు జిల్లాలో నేను నాన్‌లోకల్‌ని. ఆ పోస్టుల్లో 80 శాతం లోకల్ అభ్యర్థులకే. మిగిలిన 20 శాతం కోసం పోటీపడ్డాను, రాలేదు. రెండు రాష్ట్రాలు విడిపోయాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంది. తెలంగాణలో 2018 ఉత్తర్వుల తర్వాత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే చూస్తారు, ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులవే. అంటే తెనాలి నుంచో తుని నుంచో హైదరాబాద్ సెమినరీకి వచ్చిన తండ్రి, తన నాలుగేళ్ల చదువు కోసం పదేళ్ల పిల్లాడి ఉద్యోగ అర్హతను తెలియకుండానే తారుమారు చేస్తున్నాడు. బెంగళూరు వెళ్తే దీనికి తోడు పిల్లాడు కన్నడ అక్షరాలు మొదటి నుంచి దిద్దుకోవాలి. నాన్నకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఏం చేసేవారో నాకు తెలియదు. బహుశా అయినా వెళ్లేవారు. కానీ తెలిసి వెళ్లేవారు, మమ్మల్ని ఏ తరగతిలో ఎక్కడ చేర్చాలో ఆలోచించేవారు.

ఆదివారాల గురించి కూడా చెప్పాలి. సెమినరీ విద్యార్థికి వీకెండ్ మినిస్ట్రీ ఉంటుంది. శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దున్నో తనకు అప్పగించిన చర్చికి వెళ్లిపోవాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఆదివారం నాన్న మా ఎదురుగా నిలబడి ప్రసంగించేవారు. నగరానికి వచ్చాక అమ్మ మమ్మల్ని ఎవరూ తెలియని చర్చికి తీసుకెళ్లి వెనక చాప మీద కూర్చునేది. ఊళ్లో అందరూ "అమ్మగారూ" అని పిలిచిన మనిషిని ఇక్కడ పేరు అడిగినవాళ్లు లేరు. డిసెంబర్ వస్తే మరీ కష్టం. క్రిస్మస్ నెలంతా నాన్న పాటల బృందంతో తిరిగేవారు, మా గదికి నక్షత్రం కట్టింది తమ్ముడు, నేను.

అయినా ఆ నాలుగేళ్లలో దొరికింది ఏమీ లేదంటే అబద్ధమవుతుంది. ఊళ్లో నాన్న ఏ రాత్రి ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో చావు అని పరుగెత్తేవారు. విద్యార్థి అయ్యాక సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రాలు ఇంట్లోనే. నా హోంవర్కు ఆయన చూసింది ఆ నాలుగేళ్లే. "బెరేషీత్ బారా ఎలోహీమ్" అని ఆదికాండం మొదటి మాటలు ఆయనతో పాటు నాకూ కంఠతా వచ్చాయి. ఇప్పటికీ మర్చిపోలేదు. ఒక తండ్రి తన పిల్లల ముందు కూర్చుని కొత్త అక్షరాలు తప్పులు రాసి చెరిపి మళ్లీ రాయడం చూస్తూ పెరగడం ఏ స్కూలూ ఇవ్వని చదువు. అందుకే పెళ్లయినవాళ్లను సెమినరీకి పంపొద్దని నేను అనను.

నా ఫిర్యాదు అమ్మ గురించి. అమ్మ పదో తరగతి పాసైంది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. నాన్న తెలుగులో గబగబా రాసుకున్న నోట్సు పరీక్షల ముందు అమ్మే శుభ్రంగా తిరగరాసేది. అలా రాస్తూ ఒకరాత్రి మిషనరీ విలియం కేరీ దగ్గర ఆగింది. నాన్నకు వచ్చే డిగ్రీ ఇచ్చేది సెరంపూర్ కాలేజీ, దాన్ని 1818లో స్థాపించినవాళ్లలో కేరీ ముఖ్యుడు. ఆయన 1793లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరుతుంటే భార్య డొరతీ మొదట రానంది, చివరికి చెల్లెల్ని తోడు తెచ్చుకుని వచ్చింది. మరుసటి ఏడాదే ఐదేళ్ల కొడుకు పీటర్ విరేచనాలతో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, 1807లో కన్నుమూసేదాకా తేరుకోలేదు. "ఏవండీ, ఈమె గురించి పరీక్షలో అడుగుతారా?" అంది అమ్మ. అడగరన్నారు నాన్న. ఆయన చిత్తులో "కేరీ కుటుంబ సమేతంగా" అని ఉన్నచోట, అమ్మ తిరగరాసిన కాపీలో "భార్య డొరతీ, నలుగురు పిల్లలతో" అని ఉంది. ఆ నోట్సు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

నాలుగేళ్లూ అమ్మ అలా చదివింది. ఆమెకు ఏ సర్టిఫికెట్టూ రాలేదు. తెలుగు నేల మీద ఇది మొదటి నుంచీ ఇలాగే లేదు. 1870ల్లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ రామాయపట్నంలో సెమినరీ పెట్టినప్పుడు విద్యార్థుల భార్యలు కూడా క్లాసుల్లో కూర్చుని చదువుకున్నారు. 1912లో బిషప్ అయిన అజరయ్య దోర్నకల్‌లో ఉపదేశకులకు శిక్షణ ఇచ్చినప్పుడు భర్తతో పాటు భార్యకూ పాఠాలుండేవి, ఆయన భార్య అంబు ఆ పనిలో వెన్నంటి ఉంది. ఊళ్లో ఆడవాళ్లకు చదువు చెప్పేది, ప్రార్థన నడిపేది ఉపదేశకుడి భార్యేనని వాళ్లకు తెలుసు. 1964లో రాజమండ్రిలో వేర్వేరు సంఘాల సెమినరీలు కలిసి ఒక్క కాలేజీ అయ్యాయి, అది తర్వాత హైదరాబాద్ చేరింది. చదువు యూనివర్సిటీ స్థాయికి పెరిగింది, అది మంచిదే. డిగ్రీ అనగానే సీటు, రోల్ నంబరు ఒకరికే. భార్య పిల్లల్ని చూసుకునే మనిషిగా మిగిలిపోయింది. కొన్ని సెమినరీలు భార్యలకు విడిగా క్లాసులు పెడుతున్నాయి. సెరంపూర్ పరిధిలో దూరవిద్యలో బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సు కూడా ఉంది. భర్తను నాలుగేళ్లు చదివించే సంఘం, అదే సమయంలో భార్య ఆ కోర్సు చేయడానికి ఫీజు కట్టలేనంత పేదదా? గురుపట్టం రోజున ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ప్రార్థన చేస్తారు, పంపిన చోటల్లా ఇద్దరి చేతా పని చేయించుకుంటారు.

ఇప్పుడు తల్లులు కూడా సెమినరీకి వెళ్తున్నారు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో 1976 నుంచి ఆడవాళ్లకు గురుపట్టం ఇస్తున్నారు. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. బీడీకి వెళ్తానన్న ఒక తల్లి ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఈ మధ్యే ఆమె నోటే విన్నాను. కమిటీ అడిగిన మొదటి ప్రశ్న "పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" ఆమెకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ ప్రశ్న సరైనదేననిపించింది, తప్పల్లా దాన్ని ఆమె ఒక్కదాన్నే అడగడం. ఆమె తర్వాత లోపలికి వెళ్లిన ముగ్గురు తండ్రుల్ని కూడా అడగాలి. పిల్లలు ఏ తరగతి, అద్దె ఎవరు కడతారు, భార్య ఏం చదువుకుంటుంది అని అడగాలి. ఆ జవాబుల్లో సంఘం కట్టాల్సిన వాటా ఎంతో అక్కడే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే దండ వేయాలి.