సవరణ: గడ్చిరోలి 62 శాతం గురించి

మొన్నటి పోస్టులో నేను, పుట్టిన బిడ్డని ఇంటికెళ్లి చూసొస్తే చాలు, నెలలోపు మరణాలు 62 శాతం తగ్గుతాయని మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో జరిగిన స్టడీలో తేలింది అని రాసినా, అది తప్పు. చంద్రగిరి వైపు పనిచేసే ఒక ఆశా అక్క ఫోన్ చేసి "సార్, ఆస్పత్రి కాన్పయితే 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు పోతా ఉండా, గుడ్డలో ఏసి బరువు తూస్తా ఉండా, నేను చేసేదానికి అంత తగ్గుతాదా" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

ఎవరో ట్రైనింగ్‌లో చూపించిన స్లైడ్‌లో ఒక్క లైన్ చూసి రాసేసినా, అసలు పేపర్ తెరవలేదు. ఇప్పుడు చదివినా. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ వాళ్ల సెర్చ్ (SEARCH) అనే సంస్థ చేసింది, 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 39 ఊర్లలో పని చేసి వేరే 47 ఊర్లతో పోల్చినారు. 62 శాతం మూడో ఏడాదికి వచ్చిన లెక్క. ముఖ్యంగా, అక్కడ ఊరి కార్యకర్తలకి ట్రైనింగ్ ఇచ్చి, సెప్సిస్ (ప్రాణం మీదికొచ్చే ఇన్‌ఫెక్షన్) అనుమానం ఉన్న బిడ్డకి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ కూడా వాళ్లచేతే ఇప్పించినారు, పైన సూపర్‌విజన్ ఉంది. ఉత్త విజిట్ల ఫలితం కాదది. నా పోస్టు చూసి ప్రపోజల్‌లో ఆ నంబర్ పెట్టుకున్న వాళ్లుంటే దయచేసి మార్చుకోండి.

ఇంకోటి, వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో అన్నీ ఫ్రీ అని ముందు అన్నా కదా, కాదు. సారాంశాలు ఫ్రీ, పూర్తి పేపర్ ఫ్రీగా కావాలంటే పబ్‌మెడ్ సెంట్రల్‌లో వెతకండి. అక్కకి తిరిగి ఫోన్ చేసి ఇదంతా చెప్పినా.