మహారాజశ్రీ కూపన్ కోడ్ గారి సముఖమునకు

మోతీనగర్,
హైదరాబాద్.

కూపన్ కోడ్ గారూ,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. ఈ రాత్రి 11:59కి మీ గడువు తీరిపోతుందని తెలుసు. రేపు పొద్దున ఒక అంకె మార్చుకుని మళ్లీ పుడతారు. అందుకే గబగబా రాస్తున్నాను. ఉత్తరం పూర్తయ్యేలోపు మీరు ఎక్స్‌పైర్ అయిపోతే దీన్ని మీ వారసులకు అందజేయగలరు.

మా ఇంట్లో నెల సరుకుల లెక్క నాది. మీరు వచ్చాక అందరికీ ఉద్యోగాలు దొరికాయి. మా ఆయనది కోడ్లు వెతికే శాఖ. ఏ బ్యాంకు కార్డుకి ఏ రోజు, ఏ యాప్‌లో, ఎంత పైన కొంటే ఎంత దాకా తగ్గిస్తారో ఆయనకి కంఠతా వచ్చు. ఊరు వెళ్లేటప్పుడు కూడా వర్జ్యం చూడని మనిషి, పప్పు కొనడానికి మాత్రం మంగళవారం రావాలంటారు. ఇంటర్ చదివే మా అబ్బాయిది స్క్రీన్‌షాట్ల శాఖ. మా అత్తయ్యది ఓటీపీ శాఖ. ఆవిడ నంబర్లు ఒక్కొక్కటీ పలకలు దిద్దించిన పంతులమ్మ గొంతుతో చదువుతారు. అప్పటికి ఓటీపీ గడువు అయిపోతుంది. మళ్లీ పంపమంటాం.

మీకు కొత్తవాళ్లంటే ఉన్న మోజు గురించి ముందు మాట్లాడాలి. ఏళ్ల తరబడి కొంటున్న నాకు డెలివరీ ఛార్జీ, నిన్న యాప్ వేసుకున్నవాడికి 150 రూపాయల తగ్గింపు. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అనలేదు. మొదటి మూడు ఆర్డర్లకీ కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తారు, నాలుగోదానికి ‘ఈ కోడ్ మీకు వర్తించదు’ అంటారు. అందుకని మా ఇంట్లో అందరం వరసగా కొత్తవాళ్లమైపోయాం. ముందు మా ఆయన అయ్యారు, తర్వాత అబ్బాయి అయ్యాడు. సంక్రాంతికి పుట్టింటికొచ్చిన మా ఆడపడుచు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఆవిడ నంబరూ అయింది. అరిసెలకి బెల్లం ఆ విధంగానే వచ్చింది.

మీ వంశచరిత్ర చదివాను. 1880ల చివర్లో అమెరికాలోని అట్లాంటాలో ఆసా క్యాండ్లర్ అనే మందుల వ్యాపారి కోకాకోలాని జనానికి అలవాటు చేయడానికి చీటీలు పంచాడట. చీటీ చూపిస్తే ఒక గ్లాసు ఉచితం. లేదంటే గ్లాసు 5 సెంట్లు. మీ ముత్తాత అంత సూటి మనిషి. ఆ దేశంలో తర్వాత ఆదివారం పేపర్లలోంచి కూపన్లు కత్తిరించి దాచుకోవడం ఇంటిపనుల్లో ఒకటైపోయింది. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన కూపన్ ఒకటి, దుకాణం ఇచ్చింది ఒకటి, ఒకే వస్తువు మీద రెండూ కలిపి వాడుకోనిచ్చే చోట్లూ అక్కడ ఉన్నాయి. ఇక్కడ మీరు పక్కన ఇంకొకరుంటే ఓర్వరు. ఒక ఆర్డరుకి ఒక్కరే.

మన దగ్గర మీ పెద్దలు సబ్బుపొడి కొంటే బకెట్ ఇచ్చేవారు, టీపొడి కొంటే గాజు గ్లాసు ఇచ్చేవారు. ఆ బకెట్లో నీళ్లు పట్టుకున్నాం. హైటెక్ సిటీ ఉద్యోగాల కొత్తలో సొడెక్సో కాయితాల పుస్తకాలు చూశాం. ఉద్యోగి భోజనానికని కంపెనీ ఇస్తే, ఇంట్లోవాళ్లు వాటితో బియ్యం, నూనె తెచ్చుకునేవారు. చిల్లర ఇవ్వమంటే దుకాణంవాళ్లు చాక్లెట్లు చేతిలో పెట్టేవారు, అది వేరే సంగతి. కానీ దాని ముఖం మీద 50 అని అచ్చయితే అది 50. మీలా ‘200 వరకు’ అని పెద్ద అక్షరాలతో రాసి, తీరా చూస్తే 37 ఇచ్చే రకం కాదు. మీరు ఇస్తున్నామనే ఆదాను మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కళ్లతో చూడలేదు.

దాని లెక్క చెబుతాను, వినండి. నాకు కావలసినవి కందిపప్పు, చింతపండు, ఆవాలు, ఇంగువ. మొత్తం 438 రూపాయలు. యాప్ వాళ్ల హ్యాండ్లింగ్ ఛార్జీ 11 కలిపితే 449. అంతటితో అయిపోవాలి. అప్పుడు కింద నుంచి మీరు తొంగి చూస్తారు: ఇంకో 161 రూపాయల సరుకు వేస్తే 60 తగ్గుతుంది అని. 599 దాటాలన్నమాట. మా ఆయన కళ్లు మెరుస్తాయి. మాకు అవసరమైంది ఇంకేమీ లేదు కాబట్టి అవసరం లేనివి వెతకడం మొదలవుతుంది. ఒక మయొనీస్ సీసా, అబ్బాయి అడిగిన చిప్స్, ఎవరు తింటారో తెలియని ఓట్స్. 170 రూపాయలవి పడ్డాయి. మొత్తం 608, మీరు తగ్గించింది 60, ఛార్జీ 11, కట్టింది 559. తెర మీద రంగుకాగితాలు రాలాయి, ‘అభినందనలు! మీరు 60 రూపాయలు ఆదా చేశారు’ అని. నేను 110 రూపాయలు ఎక్కువ కట్టాను, అభినందనలు అందుకున్నాను. మా హైదరాబాద్‌లో దీన్ని చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఆ మయొనీస్ సీసా ఫ్రిజ్ తలుపులో ఇప్పటికీ ఉంది, చూడటానికి వస్తే చూపిస్తాను.

పోనీ అవసరమైనవే ఎక్కువ కొందామంటే మీ షరతులు అడ్డం. బియ్యం, నూనె, పంచదార, పాలు, నెయ్యి మినహా అన్నిటికీ వర్తిస్తుందట. అవి తీసేస్తే తెలుగువాళ్ల వంటింట్లో మిగిలేది గ్యాస్ పొయ్యి. పసిపిల్లల పాలపొడి మీద మీరు పనిచేయకపోవడం మాత్రం నాకు నచ్చింది. తల్లిపాలకు బదులుగా వాడే పొడులకి ప్రచారం చేయడం, ఆశ చూపి అమ్మడం కుదరదని 1992 నాటి చట్టం ఉంది. దుకాణంలో మీరు అడుగుపెట్టలేని అర ఒకటైనా ఉన్నందుకు సంతోషం.

నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉండేది. 20 రూపాయలు తగ్గించాలని నిజంగా ఉంటే అదేదో ధరలోనే తగ్గించేయొచ్చు కదా? ఈ కోడ్ ఎందుకు, దాన్ని దాచడమెందుకు, మేము వెతకడమెందుకు? కామర్స్ చదివిన మా తమ్ముడు విడమరిచి చెప్పాడు. అందరికీ తగ్గిస్తే, తగ్గించకపోయినా కొనేవాళ్లకి కూడా తగ్గించినట్టవుతుంది కదక్కా అన్నాడు. గచ్చిబౌలిలో మీటింగ్ మధ్యలో టేబుల్ కింద ఫోన్ పెట్టి ఆర్డర్ కొట్టే అబ్బాయికి 20 రూపాయలు ఒక లెక్క కాదు. అతను అడిగినంతా కడతాడు. నేను వెతుకుతాను. వెతికానంటే, దొరక్కపోతే కొననని వాళ్లకి తెలిసిపోతుంది. అదే పప్పు, అదే నిమిషం, ఇద్దరికీ రెండు ధరలు. ఎవరికి ఓపిక ఉందో పట్టుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న మనిషి మీరు. అలాగైతే ఆ 20 రూపాయలు నా ఓపికకి కూలి అన్నమాట. కూలి అయినప్పుడు చేతికివ్వాలి. మీరు దాన్ని క్యాష్‌బ్యాక్ అని పేరు పెట్టి వాలెట్‌లో వేస్తారు. ఆ వాలెట్ మీ దుకాణంలో తప్ప ఎక్కడా చెల్లదు, అదీ ఏడు రోజులే. పాతకాలంలో జమీందార్లు కూడా ధాన్యం కొలిచి ఇచ్చేవారండీ, వారంలో తినకపోతే వెనక్కి తీసుకునేవారు కాదు.

మా వీధి చివర కిరాణా సేటు ఉన్నాడు. బిల్లు 462 అయితే ‘460 ఇయ్యండక్కా, సరిపోతది’ అంటాడు. ఓటీపీ రాదు. నేను అతనికి పాత మనిషినవడం వల్లే ఆ రెండు రూపాయలు తగ్గుతాయి, మీ పద్ధతికి సరిగ్గా తలకిందులు. సేటు మహాత్ముడని నేనట్లేదు. చెమ్మ పట్టిన బిస్కెట్ ప్యాకెట్లు నవ్వుతూ అంటగట్టడం అతనికీ వచ్చు. కాకపోతే మర్నాడు తీసుకెళ్లి ముఖం మీద పెట్టడానికి ఒక ముఖం ఉంటుంది. 2024లో ఒక యాప్ వాళ్లు కూరగాయలు కొంటే కొత్తిమీర ఉచితంగా ఇస్తామని ప్రకటిస్తే అది దేశమంతా వార్త అయింది. ఎర్రగడ్డలో తోపుడుబండి అవ్వ ఎప్పటినుంచో అడక్కుండానే సంచిలో రెండు రెమ్మల కరివేపాకు, గుప్పెడు కొత్తిమీర వేస్తోంది. ఆవిడ గురించి ఎవరూ రాయలేదు.

మీ వల్ల జరిగే ఇంకో నష్టం, మీరు పక్కనుంటే మనిషి ప్యాకెట్ చదవడు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కానీ ఇప్పుడు చూడటానికి లీటరులాగే ఉండి లోపల 850 గ్రాములే ఉండే ప్యాకెట్లు వస్తున్నాయి. 910 గ్రాములది 150 రూపాయలు అనుకోండి. దాని పక్కన 850 గ్రాములది 155, మీరు 10 తగ్గించి 145 చేశారు. చెయ్యి 145 దగ్గరికే పోతుంది. కిలో లెక్కన చూస్తే మొదటిది 165 పడుతుంది, మీరు తగ్గించి ఇచ్చింది 170 దాటుతుంది. తగ్గించిందే ఎక్కువన్నమాట! ఇలాంటివి పట్టుకోవడానికే ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు యూనిట్ ధర కూడా వేయాలని తూనికలు, కొలతల నిబంధన వచ్చింది. మంచి నిబంధన. అందులోనూ ఒక చమత్కారం ఉంది. కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాముకి ఎంతో వేస్తారు, కిలో దాటిన ప్యాకెట్ మీద కిలోకి ఎంతో వేస్తారు. అరకిలో పప్పునీ రెండు కిలోల పప్పునీ పోల్చాలంటే దుకాణం మధ్యలో నిలబడి వెయ్యితో గుణించుకోవాలి. వెనక ట్రాలీలు ఆగిపోతాయి. ఆగనివ్వండి. మా ఇంటికి నిజంగా డబ్బు మిగిల్చింది ఆ గుణకారమే.

మీ నడవడిక మీద ఫిర్యాదులు ఢిల్లీ దాకా వెళ్లాయి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మభ్యపెట్టే ఎత్తుల మీద మార్గదర్శకాలు ఇచ్చి, 13 రకాల మాయలను పేర్లు పెట్టి మరీ జాబితా రాసింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. ‘ఇంకా 4 నిమిషాలే’ అని మీ నెత్తిన తిరిగే గడియారం అదే. పేజీ మూసి తెరిస్తే మళ్లీ 10 నిమిషాలవుతుంది. అడక్కుండా బుట్టలో సరుకు దూర్చడం ఇంకొకటి. సిగ్గుపడేలా చేయడం కూడా ఉంది. మిమ్మల్ని వద్దనుకుంటే నొక్కాల్సిన బటన్ మీద ‘వద్దు, నాకు ఆదా చేయడం ఇష్టం లేదు’ అని రాసి ఉంటుంది చూడండి, అది. మా అమ్మ కూడా నన్ను అంత మాట అనలేదు.

కోడ్లు దొరికే సైట్ల గురించి ఎక్కువ చెప్పను. ‘పరీక్షించినది, పనిచేస్తుంది’ అని ఉంటుంది, నొక్కితే దుకాణం పేజీ తెరుచుకుంటుంది, కోడ్ పనిచేయదు. మన నొక్కుడుతో వచ్చిన కొనుగోలు మీద కమిషన్ మాత్రం వాళ్లకి పనిచేస్తుంది.

మీ చుట్టాలు స్క్రాచ్ కార్డులు మరీ ఘోరం. సేటుకి ఫోన్లో 85 రూపాయలు కొట్టినందుకు మా అత్తయ్యకి ఒక కార్డు వచ్చింది. ఆవిడ దేవుణ్ణి తలచుకుని, కళ్లజోడు తుడుచుకుని గోకారు. గడ్డం నూనె మీద 70 శాతం తగ్గింపు. డెబ్బై నాలుగేళ్ల మనిషికి మీరు చూపించిన ఈ ప్రత్యేక శ్రద్ధకి మా కుటుంబం తరఫున ధన్యవాదాలు. ఆవిడ దాన్ని పారేయనివ్వలేదు. 70 శాతమంటే మాటలా, ఎవరికైనా పనికొస్తుందిలే అని అబ్బాయి చేత స్క్రీన్‌షాట్ తీయించారు. వాడికి గడ్డం వచ్చేదాకా చెల్లుతుందా అని అడిగారు కూడా.

కూరగాయల విషయంలో మాత్రం మిమ్మల్ని గడప తొక్కనివ్వడం లేదు. 1999లో మొదలైన రైతు బజార్లలో మాది ఎర్రగడ్డది. పొద్దున్నే వెళితే ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. కారు దిగినావిడకీ, సిటీ బస్సు దిగిన నాకూ టమాటా అదే ధర. ఏరుకోనిస్తే ఏరుకుంటాను. ఏరుకోనివ్వకపోతే పక్క బల్ల దగ్గరికి పోతాను. మా ఆయన ఒకసారి తోడొచ్చి అలవాటుగా ఫోన్ తీసి, ఇక్కడ ఏ కార్డుకి ఆఫర్ ఉందని బెండకాయల అన్నని అడిగారు. ఆయన ఈయన్ని పైనుంచి కిందికి చూసి, ‘సంచి తెచ్చినవా సారూ?’ అన్నాడు.

సరుకులకి మాత్రం మనం ఇంకా కలిసి బతకాల్సిందే. కాబట్టి ఒక వ్యాపార విషయం. వచ్చే ఆదివారం మా పెదనాన్నగారు కరీంనగర్ నుంచి వస్తున్నారు. మొన్ననే స్మార్ట్‌ఫోన్ కొన్నారట, ఇంకా ఏ యాప్‌లోనూ చేరలేదు. ఆయన నంబరుకి ఎంత ఇస్తారో, ఎంత పైన కొనాలో, నూనెకి వర్తిస్తుందో లేదో శనివారం లోపు తెలియజేయండి. కందిపప్పు అప్పటిదాకా ఆపుతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్