మొక్కలు నాటితే తొర్రలొస్తాయా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద పొద్దున్నే చీపురు పట్టుకుంటే ముందు కనిపించేది నమిలి ఉమ్మేసిన బాదంకాయల పిప్పి. రాత్రంతా గబ్బిలాల విందు మరి. పక్కింటి పిన్నిగారికి ఇది అపశకునం, నాకు చీపురు పని, అంతే. చట్టం కూడా మొన్నమొన్నటిదాకా పిన్నిగారి వైపే ఉంది: 1972 వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాల్ని కాకులు, ఎలుకలతో కలిపి పీడల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు.

అయినా మనవి మొండివి. మర్రికొమ్మ ఒకటి దొరికితే చాలు, బస్సుల హారన్ల మధ్యే పగలంతా తలకిందులుగా వేలాడుతూ నిద్రపోతాయి.

పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల కోతిమూతి గబ్బిలాలకు ఆ వీల్లేదు. ప్టెరలోపెక్స్ అనే ఈ గుంపులో ఉన్నవి ఐదే రకాలు, అవీ సోలమన్ దీవుల్లో, పక్కనే పాపువా న్యూగినీ దేశానికి చెందిన బోగన్‌విల్ దీవిలో తప్ప ఎక్కడా లేవు, అన్నీ ముప్పులోనే ఉన్నాయి. సోలమన్ దీవుల్లో ఒకటైన గ్వాడల్‌కెనాల్ కొండల్లో 1990లో దొరికిన ఒకే ఒక్క ఆడ గబ్బిలాన్ని చూసి ఒక రకానికి పేరు పెట్టారంటే ఎంత అరుదో చూడండి. గట్టి కాయల్ని కొరికి పగలగొట్టే దవడలున్నా, వీటికి పగటిపూట తల దాచుకోడానికి కావాల్సింది పాత మహావృక్షాల తొర్ర. సరిగ్గా ఆ చెట్లే దుంగల వ్యాపారికీ ముందు కావాలి. దుంగలు అక్కడి పెద్ద ఎగుమతి, ఎక్కువ భాగం చైనాకే పోతుంది.

అలాగని అక్కడి ఊళ్లవాళ్లను తిట్టి లాభం లేదు. భూమి చాలావరకు వంశాలదే, కంపెనీ వాళ్లకు చేతికి డబ్బులిస్తుంది, చెట్టును నిలబెట్టినందుకు ఇచ్చేవాళ్లు తక్కువ. గబ్బిలాల్ని కాపాడాలంటే లెక్క అక్కడే మార్చాలి, తర్వాత మొక్కలు నాటుతాం అనే మాట నన్ను ఒప్పించదు.

ఎందుకంటే మనమూ అదే చేశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక ఎన్ని మొక్కలు నాటామో చెప్పుకున్నాం గానీ, కూలిన చెట్లతో పాటు ఎన్ని తొర్రలు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. రామచిలకకీ పాలపిట్టకీ గుడ్లు పెట్టుకోడానికి కావాల్సింది అదే కదా, నిన్న నాటిన మొక్కకు తొర్ర రావాలంటే మన మనవలు ముసలివాళ్లవ్వాలి.

మా ఇంటి ముందు బాదంచెట్టుకు పాత కొమ్మ విరిగినచోట జానెడు బొక్క పడింది, ఏప్రిల్‌లో ఓ చిలకల జంట దాంట్లోకి తొంగిచూసి వెళ్లింది. ఆ చెట్టు కొట్టించెయ్యమని పిన్నిగారు మళ్లీ అడిగారు. నేను కొత్త చీపురు కొన్నాను.