కొండపైన ఒక నీతి, కొండ వెనక ఇంకొకటా?

అలిపిరి దగ్గర బ్యాగు తెరిచి ప్లాస్టిక్ కవర్ తీసేస్తే కిక్కురుమనం. నీళ్ల సీసా అక్కడే వదిలేసి గోవింద నామం చెప్పుకుంటూ మెట్లెక్కుతాం. అదే మనం ఆదివారం కారెక్కి, తిరుపతి నుంచి 60 కిలోమీటర్లలోపే ఉన్న తలకోనకు పోతే ఏం చేసి వస్తున్నామో జలపాతం కింది బండల మధ్య చూడొచ్చు. బిరియానీ పొట్లాలు, చిప్స్ కవర్లు, పగిలిన క్వార్టర్ సీసాలు. అదీ తిరుమల ఉన్న శేషాచలం కొండల్లోదే కదా!

తలకోన దారిలోని నేరబైలు ఊరు దాటి లోపలికి పోయేకొద్దీ అడవి మారిపోతుంది. ఎండకు కాగే రాతి వాలు మీద ఎర్రచందనం. కింద, 270 అడుగుల నుంచి నీళ్లు దూకే కోనలో ఎండ నేలకు దిగనంత పచ్చదనం, చెట్టు నుంచి చెట్టుకు మోకుల్లా పాకిన గిల్లతీగలు. రాత్రయితే కొమ్మల్లో దేవాంగపిల్లి, పెద్ద కళ్ల చిన్న జంతువు. ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీ అనే మొక్క అయితే తిరుపతి, కడప కొండలు దాటితే ప్రపంచంలో మరెక్కడా దానంతట అది మొలవదు. 2010లో శేషాచలాన్ని బయోస్పియర్ రిజర్వ్‌గా, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా, ప్రకటించింది ఊరికే కాదు. ఈ కొండల్లో ఉండే బంగారు బల్లికి కావాల్సింది చల్లటి తడి బండ నెర్రె. మనం అందులో గుట్కా ప్యాకెట్లు కుక్కి వస్తున్నాం.

టూరిస్టులు వస్తేనే చుట్టుపక్కల పల్లెలకు నాలుగు డబ్బులు అంటారు. నిజమే, రావొద్దని మేమూ అనడం లేదు. మా కోపం ఈ రెండు రకాల భక్తి మీద. శ్రీవారి సన్నిధిలో తప్పయింది తలకోన సిద్ధేశ్వరుడి సన్నిధిలో ఒప్పెలా అయింది? ఎర్రచందనం దొంగల పేరెత్తితే పళ్లు కొరికే మనమే, ఆ చెట్టు మొదట్లో సీసా పగలగొట్టి వస్తాం. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే ఊరంతా టెన్షన్ పడింది, వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎండుగడ్డి పక్కన మూడు రాళ్లు పెట్టి కోడికూర వండుకునేవాళ్లకు అది గుర్తుండదు. ఇది తిరుమల వైపు, అది తలకోన వైపు అని నిప్పుకు తెలుస్తుందా?

గేటు దగ్గర టికెట్ డబ్బుల మీదున్న శ్రద్ధ బ్యాగుల మీద లేదు. పక్క రాష్ట్రం నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెచ్చిస్తే తిరిగి ఇస్తున్నారు. అంతదూరం కూడా అక్కర్లేదు, అలిపిరిలో జరిగే తనిఖీ తలకోన గేటు దగ్గర ఎందుకు జరగదో అధికారులు చెప్పాలి.

వాళ్లు కదిలేదాకా, జలపాతం ముందు సెల్ఫీ దిగి ‘ప్రకృతి ఒడిలో’ అని స్టేటస్ పెట్టేవాళ్లకు ఒక్క మాట. ఫోన్ కాస్త కిందికి వంచి, మీ కాళ్ల దగ్గర పడి ఉన్నది కూడా ఫొటో తీసి పెట్టండి.